రొట్టె విరగని నెలలు

ఇది ఒక మనిషి మీద రాస్తున్నాను. ఆయన పేరు రాయను. దయ వల్ల కాదు. ఆయన మా అక్క పేరు ఎక్కడా రాయకుండానే ఆమెను ఒక లావు నవలలో పెట్టి ఊరూరా తిప్పాడు. పేరు లేకపోయినా అది ఎవరి గురించో మా వీధిలో కుక్కకు కూడా తెలిసిపోయింది. నేనూ అదే పద్ధతి పాటిస్తున్నాను. తెలియవలసినవాళ్ళకు తెలుస్తుంది.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాతల కాలంలో నల్లరేగడి పల్లెల్లో కూలి చేసిన వాళ్ళం, అమ్మ కాలానికి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు చేరాం. మా వైపు వాటిని ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆఫీసు అంటారు. “మా అమ్మ ఆఫీసుకు పోయింది” అని నేను విరుదునగర్‌లో ఎవరితోనో అంటే, ఏ డిపార్టుమెంటు అని అడిగారు. గంధకం డిపార్టుమెంటు అన్నాను.

మా వీధి చివర పెంకులు కప్పిన చిన్న ప్రార్థనాలయం ఉంది. నెల మొదటి ఆదివారం అక్కడ ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచి పంచుకోవడం. దానికి ముందురోజు సాయంత్రం సమాధాన కూటం. ఈ కూటం నేను మరే సంఘంలోనూ చూడలేదు. మొట్టమొదట విశ్వాసంలోకి వచ్చిన మా ముత్తాతలు పెట్టుకున్న కట్టడి ఇది. అందరూ గోడల వెంట నిలబడతారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఎవరికి ఎవరి మీద మనసులో ముల్లుందో ముందుకు రమ్మంటాడు. ముల్లున్నవాళ్ళు ఆ మనిషి ఎదుటికి వెళ్ళి అందరికీ వినబడేలా విషయం చెప్పాలి. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకుని రెండు చేతులూ చాపాలి. ఎదుటివాళ్ళు ఆ చేతులు పట్టుకుంటే సమాధానం. పట్టుకోకపోతే మరునాడు రొట్టె విరవరు. ఆ ఇద్దరికే కాదు, సంఘంలో ఎవ్వరికీ లేదు.

మామూలుగా ఆ కూటాలు నవ్వులతో ముగిసేవి. ఒకసారి కుళాయి దగ్గర బిందె తన్నిందని ఒకామె మా అమ్మ మీద ముల్లు చెప్పింది. “తన్నితిని, నిజమే. ఆ బిందె గూడా నన్ను తన్నె. చూడండి కాలు” అని అమ్మ చీర కొంచెం ఎత్తి వాచిన వేలు చూపించింది. అయ్యగారు కూడా నవ్వాపుకోలేకపోయాడు. చేతులు కలిశాయి.

తొంభైల మధ్యలో మా అక్క చచ్చిపోయింది. ఎలా చచ్చిపోయిందో ఇక్కడ నేను చెప్పాలి, ఎందుకంటే ఈ తగాదా అంతా దాని గురించే. మందు పట్టి ఆరిన పుల్లలను చట్రాల్లోంచి తీసి పెట్టెల్లో నింపే కొట్టంలో అక్క పనిచేసేది. మంచి ఎండల్లో ఆ పుల్లలు ఒకదానికొకటి రాసుకుంటేనే అంటుకుంటాయి. అక్కడ అది మామూలే. పక్కన తడి గోనె ఉంటుంది, దాన్ని మీద వేసి పని సాగిస్తారు. ఆ రోజు గాలి వీస్తోంది. మంట గోనెకు లొంగలేదు. వాకిలి దగ్గరున్న ఆడవాళ్ళు బయటికి పరుగెత్తారు. అక్క కూర్చునేది కొట్టం ఆ చివర, వెనక తలుపు పక్కన. ఆ తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది. పెట్టెలు ఎత్తుకుపోతారని మొదలాళి, అంటే ఆ ఆఫీసు యజమాని, వేయించిన తాళం.

విచారణకు వచ్చిన అధికారి మొదలాళి ఇంట్లో భోజనం చేసి, మొదలాళి కారులోనే రైల్వే స్టేషనుకు వెళ్ళాడు. పనిమనిషి అజాగ్రత్త అని రాశాడు. తాళం మాటే లేదు. తాళం చూసిన ఆడవాళ్ళకు మళ్ళీ పని కావాలి, పిల్లలకు అన్నం కావాలి. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ అధికారి మీద ఉంది గాని, దాన్ని నేను పక్కన పెట్టగలిగాను. ఆయన రాసిన కాగితం ఏదో బీరువాలో పడి ఉంటుంది. దాన్ని చదివి ఎవరూ కంటతడి పెట్టరు. దాన్ని ఎవరూ పిల్లలకు పాఠం చెప్పరు.

నవల సంగతి వేరు.

దాన్ని రాసినవాడు మా సంఘంవాడే. అమ్మకు తమ్ముడి వరస, నాకు మామ. విరుదునగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తమిళం చెప్పేవాడు గనక పిల్లలందరం కాలేజీ మామ అనేవాళ్ళం. తండ్రి లేడు. వాళ్ళమ్మను వీధంతా అవ్వ అని పిలిచేది, మా ఇంటికి రెండిళ్ళవతల ఉండేది. అవ్వ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఆయన చిన్నప్పుడు మా ఇంట్లోనే తినేవాడు. చదువుకునేటప్పుడూ తిన్నాడు. ఉద్యోగం వచ్చాక కూడా శనివారాలు వచ్చి మా వసారాలో కూర్చుని కంబు సంగటి, అంటే సజ్జ సంకటి, అడిగి పెట్టించుకునేవాడు. ఆదివారం బడిలో నాకూ అక్కకూ వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ ఆయన నోటినుంచే నేను మొదట విన్నాను.

కాలేజీలో ఆయనది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఆ కాలేజీని నడిపే కమిటీలో మా మొదలాళి ఉన్నాడు. రెండువేల సంవత్సరం దాటిన తరువాత నవల అచ్చయింది, అచ్చు ఖర్చు మొదలాళిది. అదే ఏడాది మామ ఉద్యోగం పర్మనెంటయింది. ఈ రెండూ కాకతాళీయంగా జరిగాయని నమ్మేవాళ్ళుంటే నమ్మవచ్చు.

నవలలో ఒక అగ్గిపెట్టెల పిల్ల ఉంటుంది. లారీ డ్రైవరును ప్రేమిస్తుంది. అతను మోసం చేస్తాడు. ఒక మధ్యాహ్నం ఆమె పుల్లల రాశి మధ్య కూర్చుని, తన చేత్తో తానే ఒక పుల్ల గీసుకుంటుంది. దయామయుడైన యజమాని మంటల్లోకి దూకి ఆమెను బయటికి తెస్తాడు. అతని చేతుల్లో ఆమె నవ్వుతూ చనిపోతుంది. ఆ పిల్లది ఎడమచేతి వాటం. ప్రార్థనలో పాట ఎత్తుకునే ముందు గొంతు సవరించుకుని, అలా సవరించుకున్నందుకు సిగ్గుపడుతుంది. జాకెట్టు చంకలో చిరుగు పడితే వేరే రంగు దారంతో కుట్టుకుని, పైట సర్దుకుంటూ తిరుగుతుంది. ఇవన్నీ మా వసారాలో కూర్చుని సంగటి తింటూ చూసినవి. లారీ డ్రైవరు మాత్రం ఆయన సొంత సరుకు.

పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. శ్రామిక స్త్రీ అంతరంగాన్ని ఇంత సున్నితంగా ఆవిష్కరించిన రచన లేదన్నారు. తలుపుకు తాళం ఎవరు వేశారని ఒక్కరూ అడగలేదు. నవలలో తలుపే లేదు మరి. సాహిత్యం చెడిపోయిందంటే బూతులు రాస్తున్నారని అర్థమని మా అయ్యగారు ప్రసంగాల్లో చెబుతుండేవాడు. ఆ నవలలో ఒక్క బూతు లేదు. ప్రతి వాక్యం ఉతికి ఆరేసినట్టు ఉంటుంది. ఆ శుభ్రమే నన్ను భయపెట్టింది. అధికారి చేసిన మోసానికి రాతగాడు అందం కూర్చాడు. డబ్బు తీసుకుని అబద్ధం చెప్పేవాణ్ణి జనం దొంగ అంటారు. దాన్నే కన్నీళ్ళు తెప్పించేలా చెబితే శాలువా కప్పుతారు.

మాకు అందులో శాలువా కంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. ప్రాణం తీసుకున్నవాళ్ళను మా సమాధుల తోటలో పెట్టరు. గోడ బయట, ముళ్ళకంపల్లో పెడతారు. అది సరైనదా కాదా అన్నది వేరే మాట, మా దగ్గర కట్టడి అది. అక్క గోడ లోపల, నాన్న పక్కన ఉంది. నవల వచ్చి కొన్నాళ్ళయ్యాక ఒక సంఘపెద్ద మా ఇంటికి వచ్చి, నీళ్ళు తాగి, చాలాసేపు నసిగి, చివరికి అన్నాడు.

“అక్కా, జనము రకరకాలుగా మాటలు పేసుకుంటా ఉండారు. బుక్కులోనే వచ్చేసె అంటారు. కోపపడవద్దు. ఎముకలు దీసి గోడకు అవతల పెట్టితే ఎవురికీ నోరు లేకుండా పోతాది.”

అమ్మకు చదువు రాదు. నవల సంగతి ఆమెకు నేను చెప్పకుండా దాచాను. “ఏ బుక్కు?” అంది అమ్మ.

ఆయన వెళ్ళిపోయాక నన్ను కూర్చోబెట్టి చదవమంది. పుస్తకాల తమిళం అమ్మకు అందదు గనక ఒక్కొక్క పేరా చదివి, తెలుగులో చెబుతూ పోయాను. ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు మంటల అధ్యాయానికి వచ్చాం. అమ్మ ఎక్కడా ఆపలేదు. ఎడమచెయ్యి దగ్గర మాత్రం, “అది మళ్ళా చదువు” అంది. అంతా అయ్యాక లేచి బియ్యం కడిగింది. “సమాదాన కూటము ఎప్పుడు వచ్చేది?” అని అడిగింది.

ఆ శనివారం కాలేజీ మామ కూడా వచ్చాడు. అయ్యగారు ముల్లు మాట అనీ అనకముందే అమ్మ నడిచి వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

“నా కూతురు తానే చచ్చెనని రాస్తివి. అబద్దమని ఇక్కడ చెప్పు.”

మామ నవ్వాడు. చిన్నపిల్లలకు సర్దిచెప్పే నవ్వు. “అక్కా, అది నవల. కత. నీ కూతుర్ని నేను రాయలేదు.”

“మరి ఎవుర్ని రాస్తివి?”

“ఎవుర్నీ లేదు. అది ఒక కథాపాత్రము.”

“ఆ పాత్రము ఎడమచేత్తో ఏల నింపె?”

గోడల వెంట నవ్వులు వినబడ్డాయి. మామ ముఖం ఎర్రబడింది. “సరి అక్కా. నీ మనసు నొచ్చి ఉంటే మన్నించు” అని రెండు చేతులూ చాపాడు.

“నొచ్చి ఉంటే గాదురా. నొచ్చె. నేను అడిగినది మన్నిప్పు గాదు. అబద్దము రాస్తినని చెప్పు. చెప్పినాక చేతులు చాపు.”

ఆయన చెప్పలేదు. అమ్మ చేతులు పట్టుకోలేదు. మరునాడు రొట్టె విరగలేదు. తరువాతి నెలా విరగలేదు. ఆ తరువాతా అంతే.

సంఘమంతా మా ఇంటి మీద పడింది. ఆయన మీద కాదు, మా మీద. చదువుకున్నవాడు, కాలేజీలో ఉన్నవాడు, వీధికి పేరు తెచ్చినవాడు. కుళాయి దగ్గర ఒకామె, “ఏమక్కా, నీ పట్టుతో మాకంతా ప్రబువు బల్ల లేకుండా చేస్తివే” అంది. “నన్నేల అడుగుతావు? వానికి నోరుండాదిగదా. గంటలు గంటలు పేసేదానికి జీతమిస్తారు వానికి” అంది అమ్మ.

నేను అప్పటికి విరుదునగర్‌లో ఒక చిన్న బడిలో టీచరుగా ఉన్నాను. రోజూ ఉదయం రైల్లో వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. అవ్వ ఇంటినుంచే కాలేజీకి తిరిగే మామ ఒక్కోసారి అదే పెట్టెలో కూర్చుని ఉండేవాడు. నేను కావాలనే ఆయన ఎదుటి సీట్లో కూర్చుని, సాత్తూరు దాటేదాకా ముఖం తిప్పకుండా చూసేదాన్ని. ఆయన పేపరు ఎత్తి పట్టుకునేవాడు. ఆ నెలల్లో నాకు కలిగిన తృప్తిని నేను దాచను. పగ తీర్చడం దేవుని పని అని అయ్యగారు నాకు గుర్తు చేశాడు. నాకు తెలుసు, ఆదివారం బడిలో నేనూ ఆ పాఠం చెబుతాను. దేవుడు ఆ పని ఏ మనిషి చేతా చేయించడని మాత్రం ఎక్కడా చదవలేదు. ప్రవక్తలందరూ ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడి, నువ్వే ఆ మనిషివి అని చెప్పినవాళ్ళే. “క్షమించమ్మా” అంటాడు అయ్యగారు. అవతలివాడు తప్పు ఒప్పుకోకముందే క్షమించమనడం కూడా లంచం అడగడమే అన్నాను.

లంచం మాట ఎత్తానో లేదో, నిజంగానే లంచం వచ్చింది. ప్రార్థనాలయం పెంకులు వానకు కారేవి. మొదలాళి కబురు పంపాడు, సంఘం ఒప్పుకుంటే కాంక్రీటు కప్పు వేయిస్తానని. ఆయనది వేరే మతం, మా బల్లతో ఆయనకేం పని? ఆయనకు కావలసింది మా గొడవ ఊళ్ళో వినబడకుండా ఉండడం. విరుదునగర్‌లో ఒక సాహిత్య సంస్థ ఆ నవలకు బహుమతి ప్రకటించింది, సభకు అధ్యక్షుడు మొదలాళే.

ఆ నెల సమాధాన కూటానికి అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుని తెచ్చారు. కాళ్ళు నీరు పట్టి ఆమె నడవలేకపోతోంది. ఎక్కువ రోజులు ఉండదని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. పోయేముందు బల్ల ముట్టుకోవాలన్నది ఆమె కోరిక. సంఘపెద్దలు ముందే మాట్లాడుకుని వచ్చారు. ఎముకలు తీయమన్న పెద్దే లేచి, ఈ చేతులు పట్టుకునే కట్టడి పాతకాలం నాటిదనీ, దాన్ని ఎత్తేసి రేపే రొట్టె విరుద్దామనీ, కప్పు కూడా ఒప్పుకుందామనీ అన్నాడు. “పాపము, ఈ ముసలామెను చూడండి” అని అవ్వను చూపించాడు. అయ్యగారు పెంకుల వైపు చూసి, ఆలోచిద్దాం అన్నాడు.

అప్పుడు అవ్వ కొడుకును పిలిచింది. “ఒరే, ఇట్ల రా.”

మామ వెళ్ళి కుర్చీ పక్కన వంగాడు.

“వంగవద్దు. అందరికీ వినపడాల. ఆ పిల్లను మట్టిలో పెట్టే ముందర కడా నీళ్ళు పోసినది ఎవురురా?”

మామ నిటారుగా నిలబడ్డాడు.

“నేను పోస్తిని. నీళ్ళు పోసినవాళ్ళు చూసినది తల్లికి చెప్పగూడదు. నేను ఇన్ని ఏండ్లు చెప్పలేదు.” అవ్వ మా అమ్మ వైపు తిరిగింది. “మన్నించు తల్లీ, ఈ దినము చెప్పాలనే ఉండాది. ఆ పిల్ల చేతులు నేనే కడిగితిని. వేళ్ళన్నీ చిట్లి ఉండె. గోళ్ళలో తలుపు చెక్క ఇరుక్కుని ఉండె. ఒకటొకటి నేను పెరికి తీస్తిని.” మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. “చచ్చేదానికి పోయినది తలుపు గీరతాదా? చెప్పరా. నా ఇంట్లోనే ఉంటివే. రాసేదానికి ముందర నన్నొక మాట అడిగితివా?”

మా అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. నేను ఆమెను పట్టుకున్నాను. మంటల్లో అక్క వెంటనే పోయి ఉంటుందనీ, బాధ తెలిసి ఉండదనీ అమ్మ ఇన్నేళ్ళూ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రం అది కూడా పోయింది. దాన్ని కూడా నేను ఆయన లెక్కలోనే వేశాను.

తరువాత మామ మాట్లాడడం మొదలుపెట్టాడు, తమిళంలో. వేదిక మీద మాట్లాడే తమిళం. రచయిత బాధ్యత గురించి, జ్ఞాపకం చేసే ద్రోహం గురించి. చక్కగా ఉంది, రాసిపెట్టుకోదగ్గట్టు ఉంది. అమ్మ నేల మీదనుంచే అంది, “మన మాటలో చెప్పు.”

మామ తెలుగులోకి మారాడు. “ఆమె తానుగా చావలేదు. తలుపు తాళమేసి ఉండె. నాకు తెలుసు. తెలిసే రాస్తిని.”

అంతే. అంత చిన్న మాట. అన్ని పేజీల నవలను తిప్పి కొట్టడానికి అది చాలు. ఆయన రెండు చేతులూ చాపాడు. ఆ ప్రార్థనాలయంలో అందరూ అమ్మ వైపే చూస్తున్నారు.

అమ్మ లేచి నిలబడింది. “ఇక్కడ చెప్పితివి, సరి. ఈ వీదికి తెలిసె. నీ కత విన్నది ఈ వీది గాదు. విరుదునగరులో మీటింగు ఉండాదిగదా, ఆడ చెప్పు. చెప్పి రా. ఆ దినము పట్టుకుంటాను.”

“చెప్తాను అక్కా.”

“నీ అమ్మ ముందర చెప్పు.”

“చెప్తాను అమ్మా” అన్నాడు అవ్వతో. రొట్టె విరవడం ఆయన తిరిగి వచ్చేదాకా వాయిదా పడింది.

సభకు నేనూ అమ్మా వెళ్ళాం. అవ్వ కదలలేదు గనక ఇంట్లో కనిపెట్టుకుని కూర్చుంది. విరుదునగర్‌లో అదొక కల్యాణ మండపం. మిరపకాయల ఘాటు గాలిలో ఉంది, పక్కన గోదాములున్నాయి. మేము ముందు వరసలో కూర్చున్నాం. వేదిక మీద మొదలాళి మధ్యన, మామ ఆయన పక్కన. ఒక పెద్దమనిషి మంటల అధ్యాయాన్ని పైకి చదివాడు. హాల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళు మా అక్క కోసం ఏడవడం లేదు. మా అక్కను కప్పిపెట్టిన దాని కోసం ఏడుస్తున్నారు.

మామ లేచాడు. మమ్మల్ని చూశాడు. నీళ్ళు తాగాడు. ఈ కథ నిజమా అని కొందరు అడుగుతున్నారనీ, సంఘటనల్లోని నిజం కంటే సాహిత్యంలోని నిజం గొప్పదనీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. మొదలాళి శాలువా కప్పాడు. ఆయన చేతుల మీద ఎక్కడా కాలిన మచ్చ లేదు.

అమ్మకు ఆ తమిళం పూర్తిగా అర్థం కాలేదు. నా మోచేయి తట్టి, “చెప్పెనా?” అని అడిగింది.

“లేదు” అన్నాను.

వందన సమర్పణ జరుగుతుండగా నేను లేచి నిలబడ్డాను. వేదిక కింద ఉన్నాను, మైకు లేదు, గాని బడిపంతులమ్మ గొంతు నాది. “ఆ కొట్టం వెనక తలుపుకు తాళం ఎవరు వేశారు?” అని అడిగాను. మామ తల దించుకున్నాడు. రెండోసారి అడిగాను, ఈసారి మొదలాళిని చూస్తూ. ఆయన పక్కకు వంగి ఎవరితోనో ఏదో అన్నాడు. వెంటనే జాతీయ గీతం మొదలైంది. వందన సమర్పణ సగంలోనే ఉంది. అందరూ లేచి చేతులు కిందికి పెట్టి కదలకుండా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. అప్పుడు మాట్లాడేవాళ్ళు ఎవరుంటారు? దేశాన్ని కూడా అలా తాళంగా వాడుకోవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను. గీతం అయ్యేలోగా వేదిక ఖాళీ అయింది. వెనక వరసల్లోని కాలేజీ కుర్రాళ్ళు కొందరు మాత్రం బయట మా దగ్గరికి వచ్చి, తాళం ఏమిటి టీచర్ అని అడిగారు. రైలుకు వేళయ్యేదాకా చెప్పాను.

కోవిల్‌పట్టిలో దిగి తిన్నగా అవ్వ దగ్గరికి వెళ్ళాం. తలుపు తెరిచే ఉంది.

“చెప్పెనా?” అంది అవ్వ.

“లేదు పెద్దమ్మా” అంది అమ్మ.

అవ్వ మమ్మల్ని తిన్నారా అని అడిగింది.

తరువాతి సమాధాన కూటానికి అవ్వను మళ్ళీ కుర్చీతో తెచ్చారు, మామ కూడా వచ్చాడు. అంతమంది ముందు ఎలా చెప్పగలననీ, ఉద్యోగం పోయేదనీ, పిల్లల చదువులున్నాయనీ అన్నాడు. అమ్మ ముందు చేతులు చాపాడు. అమ్మ తన చేతులు పైటలో చుట్టుకుంది. అప్పుడాయన తల్లి వైపు తిరిగాడు. ఆమె ఎదుట మోకరించి చేతులు చాపాడు.

అవ్వ ఆ చేతుల వైపు చూసింది. “నీ అమ్మకు చేతులు లేవురా” అంది. “పో. పోయి అది గూడా రాసుకో. కత బాగా ఉంటాది.”

మామ లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ కూటానికి రాలేదు. వరసగా రానివాళ్ళ పేరు సంఘం నుంచి కొట్టేస్తారు. ఆయన పేరు కొట్టేశారు. అడ్డు పోయింది గనక రొట్టె విరిగింది. అవ్వకు కుర్చీ దగ్గరికే తెచ్చి ఇచ్చారు. ఆమె నమలలేక నోట్లో నాననిచ్చి మింగింది. కాంక్రీటు కప్పు వద్దని అయ్యగారే కబురు పంపాడు. అక్క ఎముకల మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు. ఆ మాట ఎత్తిన పెద్ద క్రిస్మసుకు ముందు తానే వచ్చి అక్క సమాధికి సున్నం కొట్టి వెళ్ళాడు. నేను ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

వేసవి రాకముందే అవ్వ పోయింది. కొడుకు గనక మామ వచ్చాడు. మట్టి వేయనిచ్చాం. అది ఆయన హక్కు. అయ్యాక మా వైపు ఒక పద్ధతి ఉంది, చనిపోయినవాళ్ళ కొడుకు తోట వాకిలి దగ్గర నిలబడితే, వెళ్ళే ప్రతివాళ్ళూ ఆయన చేతులు పట్టుకుని వెళ్ళాలి. మామ వాకిలి దగ్గర నిలబడి చేతులు చాపాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు, ముందుగా అనుకున్నదీ కాదు. మొదట అమ్మ దాటింది. తరువాత ఒక్కొక్కరే ఆ చేతుల పక్కనుంచి దాటిపోయారు. కుళాయి దగ్గర మా అమ్మతో గొడవపడినామె కూడా దాటింది. నేను చివర్న వచ్చాను. నెమ్మదిగా దాటాను. ఆయన చేతులు ఇంకా చాపే ఉన్నాయి, కళ్ళు కారుతున్నాయి. తల్లి పోయినవాడి దుఃఖం అది, నిజమైనదే. దాన్ని నేను కాదనను. నాకు జాలి కలగలేదు.

ఆ నవల ఇప్పటికీ దొరుకుతుంది. కాలేజీల్లో పాఠంగా కూడా పెట్టారు. దాన్ని చదివిన పిల్లలు అప్పుడప్పుడు కోవిల్‌పట్టి వస్తారు, కథ జరిగిన చోటు చూడాలని. వాళ్ళను నేను మా వీధి ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళతాను. పనికోసం నోరు మూసుకున్నవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు, పోయే పని లేదు. తాళం సంగతి వాళ్ళు చెబుతారు. పిల్లలు పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంటారు. ఒక్కొక్కరూ అలా మూయడం నేను దగ్గరుండి చూస్తాను.

ఇది తమిళంలో రాయమని కొందరన్నారు, ఎక్కువమంది చదువుతారని. రాస్తాను. ముందు తెలుగులో రాశాను. ఎప్పుడో నెల్లూరు వైపునుంచి వచ్చిన ఒక ముసలి ఉపదేశి మా వీధి పిల్లలకు ఈ అక్షరాలు నేర్పాడు. నేర్చుకున్నవాళ్ళలో ఇప్పటికీ మిగిలింది కొద్దిమందే. మామ వాళ్ళలో ఒకడు. ఆయన రిటైరయ్యాడు, విరుదునగర్‌లోనే స్థిరపడ్డాడు, కళ్ళు బాగానే కనబడుతున్నాయట.

ఆయన కోసం నేను ప్రతి నెలా కూటం జరిగే శనివారం ప్రార్థిస్తాను. వింటే అందరూ మెచ్చుకుంటారు, శత్రువు కోసం ప్రార్థిస్తోందని. ప్రభువా, ఆయనకు దీర్ఘాయువు ఇవ్వు, ఆరోగ్యం ఇవ్వు, ఏ మతిమరుపూ రానివ్వకు అని అడుగుతాను. ఆ తాళం మాట విరుదునగర్‌లో పదిమందిలో చెప్పేదాకా ఆయనను తీసుకుపోవద్దని అడుగుతాను. చెప్పకపోతే ఎంతకాలమైనా సరే, ఉంచమంటాను.